ఓయీ

పొద్దుగాల నాలుగుంబావుకు
వాషింగ్ మిషన్ మొఖం మీద ఎర్రగ రెండక్షరాలు.
ఓ. ఈ.
ఎవరో నా పేరు తెల్వక
ఓయీ అని పిలిచినట్టు.

అద్దం వెనక సగందాంక నీళ్లు.
నీళ్లల్ల నా ఖాకీ.
తలుపు తెరువనియ్యది, నీళ్లు విడువది,
గుర్రుమని ఒక్కసారి మూలిగి
మళ్ల అదే పిలుపు.

ఐదున్నరకు కుషాయిగూడ డిపోల సంతకం పెట్టాలె.
ఇంకో జత టైలర్ కాడ చంక చినిగి కూసుంది.

ఇవి దినం తప్పి దినం వొచ్చే నల్లా నీళ్లు,
నిద్ర చెడగొట్టుకొని డ్రమ్ములకు పట్టిన నీళ్లు.
రమ్మంటె రానివి
ఇయ్యాల పొమ్మంటె పోతలేవు.

కింది పోర్షన్ల జహంగీర్ ఫ్రిజ్‌లు బాగుజేస్తడు.
ఫోన్ చేస్తె నిద్రల్నే చెప్పిండు:
"ముందు ప్లగ్గు పీకక్కా.
ఎనక పైపు మడతవడ్డదా సూడు.
లేకుంటె కింద కుడిదిక్కు చిన్న తలుపుంటది,
అండ్ల మూత. మెల్లగ తిప్పు, ఒక్కసారే తిప్పకు.
కింద తువాల ఎయ్యి."
తువాల అనే మాట మీదనే గుర్రు పెట్టిండు.

పైపు మడతవడలె.
గోడకు మిషన్‌కు నడుమ చెయ్యి సొచ్చినంత మేర తడిమిన.
సాలెగూడు, బిడ్డ పోగొట్టుకున్న రబ్బరు,
అంతే.

చిన్న తలుపును చెంచాతోని లేపిన.
మూత తిప్పిన.
మెల్లగనే తిప్పిన జహంగీరూ, ఒట్టు.
అయినా రేతిఫైల్ల బస్సాగంగనే జనం దిగినట్టు
దిగినయి నీళ్లు,
ఒకదాన్నొకటి నూకుకుంట.

తువాల నిండింది. పళ్లెం నిండింది.
పట్టి, పారబోసి, మళ్ల పట్టి
పదకొండు పళ్లాలు.
లెక్కవెట్టుడు నా చేతులకు పట్టిన రోగం.

మూత బయటికొచ్చింది.
దాని పండ్లకు జుట్టు, నాదే,
సబ్బు జిగురు,
టికెట్ కాయితం ముద్ద, ఏ స్టేజీదో చదువరాదు.
దాని వెనక, చిన్న రెక్క తిరిగే గుంతల
ఏందో అడ్డం వడ్డది.
వేలు పెట్టి గుంజిన.

పది రూపాల బిళ్ల.

మొన్న శుక్రవారం.
మౌలాలి కమాన్ కాడ ఎక్కిన పెద్దమనిషి,
చేతిల తోటకూర సంచి.
బండి నిండ ఆడోళ్లు, జీరో టికెట్లు,
నడుమ ఆయనదొక్కటే పైసల టికెట్టు.
"నోటు మీద బిళ్ల పెట్టిచ్చిన గదమ్మా" అన్నడు.
"ఏ బిళ్ల? ఎవరికిచ్చినవ్?" అన్న.
బండంత నా దిక్కే మాట్లాడింది.
డ్రైవర్ ఐలయ్య అద్దంల చూసి
బ్రేకు మీద కాలు పెట్టిండు.
ఇరవై నోటు ఆయన చేతిల పెట్టిన.
లాలాపేట కాడ దిగిండు.
నేను దిగమన్ననో, ఆయనే దిగిండో
యాదికొస్తలేదు.

యాదికొస్తున్నది. దిగమన్న.

ఆ రాత్రి డిపోల క్యాషు
పైసకు పైస సరిపోయింది.
సరిపోయిందని
చాయ్ కూడ తాగిన, ఉస్మానియా బిస్కట్ ముంచుకొని.
బిళ్ల అప్పటికే జేబుల ఉన్నది, సంచిల గాదు.

మూత బిగిచ్చిన. ప్లగ్గు పెట్టిన.
మిషన్ గొంతు సాఫయింది.
బాత్రూం తూముల నీళ్లు సుడి తిరిగి,
నురగ ఇంత ఎనక్కి జూసి, పోయినయి.
ఖాకీ పిండిన, ఇస్త్రీ పెట్టె కింద పొగలెల్లింది.
తడి చంకలతోనే తొడుక్కొని ఉరికిన.

మౌలాలి కమాన్ కాడ బండాగింది.
తోటకూర సంచి ఎక్కింది, ఎవరో ముసలామెది.
జీరో టికెట్ కొట్టిచ్చిన.
బిళ్ల ఎడమచేతి పిడికిట్ల చెమటవడుతున్నది.
కిటికీలకెంచి రోడ్డు మీది మగోళ్లందర్ని చూసిన,
నడుములు వంగినోళ్లను, వంగనోళ్లను.
ఓయీ అని పిలుద్దామన్నా
ఎవర్నని పిలువాలె?

రైట్ రైట్ అనుడు మరిచిన.
ఐలయ్యే ఎనక్కి తిరిగి అడిగిండు,
పోవాల్నా, వద్దా అని.